మునిరత్నం కారుకు శ్రుతి కూర్చిన సంగతి

కార్లలో పాటల పెట్టెలు బిగించే పని నేర్చుకుంటామని వచ్చే కుర్రవాళ్ళు నన్ను మొదట అడిగేది ఒకటే. "ఎన్ని వాట్లు పెడితే బాగుంటాది తాతా?" అని. పిల్లను చూడడానికి పోయి బరువెంత అని అడిగినట్టుంటుంది నాకు. వాట్లు ఎన్నైనా పెట్టుకోండి, నాకేం నష్టం లేదు. ముందు ఆ కారులో కూర్చునే మనిషి ఏం వినాలనుకుంటున్నాడో కనుక్కోండి. అది తెలియకుండా స్క్రూడ్రైవరు పట్టినవాడు మెకానిక్కు కాదు, కారుకు బొక్కలు పెట్టేవాడు.

నేను డెబ్బైల్లో మదనపల్లెలో రేడియోలు బాగుచేసే అంగడిలో చేరాను. ఎనభైలు ముగిసేసరికి పుంగనూరు, పలమనేరు, కుప్పం దాకా కారు సౌండంటే రెడ్డెప్ప అనే పేరు తెచ్చుకున్నాను. ఆ దారిలో నా చెయ్యి పడని కారు లేదంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టవుతుంది కానీ, పెద్ద అబద్ధమేమీ కాదు.

కొసరుగా వచ్చిన పాట

ఆ రోజుల్లో కారు కొంటే దాంతోపాటు వచ్చే పాట ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. డాష్‌బోర్డు నడుమ చేత్తో తిప్పే మరలు రెండున్న రేడియో, దాని పక్కనో కిందో కోడిగుడ్డు ఆకారంలో ఒక్కటే ఒక్క స్పీకరు. తర్వాత్తర్వాత రేడియోలోనే టేపు కూడా కలిసి వచ్చింది. స్పీకరు మాత్రం అదే. వెనక కూర్చున్నవాళ్ళకు ముందువాళ్ళ తలకాయలు దాటుకుని పాట రావాలి. కుప్పం వైపు పోతే మూడు భాషల స్టేషన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేవి. ఇంజిను స్టార్ట్ చేస్తే డైనమో గీ అని పాటకు తాళం వేసేది.

కారు అమ్మేవాళ్ళకు చక్రాలు తిరగడం ముఖ్యం, పాట కొసరు. కొసరు ఇచ్చినవాణ్ణి తప్పు పట్టకూడదు. కానీ కొసరుతోనే కడుపు నింపుకోవాలని ఎక్కడా రాసిపెట్టి లేదు కదా. మా పనంతా అక్కడే మొదలవుతుంది.

ఆ పని నాకు నేర్పినవాడు బాషా భాయ్. అంగడి ఆయనదే. మనిషి మంచివాడని చెప్పను. కస్టమర్ల ముందరే తిట్టేవాడు. టంకం పెట్టకుండా మెలిపెట్టి వదిలేసిన వైరు కనిపిస్తే కటింగ్ ప్లేయరుతో కత్తిరించి, మళ్ళీ మొదటినుంచి చేయమనేవాడు. సాయంత్రానికి కారు ఇస్తానని ఆయనే మాటిచ్చి, ఆయనే కత్తిరించేవాడు. కానీ ఒక్క విషయంలో ఆయనకు చేతులెత్తి మొక్కాలి. ఎవరి కారు వచ్చినా ముందు డాష్‌బోర్డు విప్పనిచ్చేవాడు కాదు. ఆ మనిషి రోజూ పోయే దారిలో, ఆ మనిషి రోజూ వినే క్యాసెట్టు వేయించి, నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి పంపేవాడు.

"కూసొని విను. నీకేం కావాల్నో కాదు, ఆయనకు యాడ తక్కువయితాండాదో అది విను. తర్వాతే నీ స్క్రూడ్రైవరు, సంఝా?" అనేవాడు.

మొదట్లో ఇది పని ఎగ్గొట్టే ఎత్తు అనుకున్నాను. డాక్టరమ్మ కారు వచ్చినాక ఆ అనుమానం పోయింది.

మాయమైన మగవాళ్ళు

మదనపల్లెలో ఒక డాక్టరమ్మ ఉండేది. ఆదివారాలు చర్చిలో పాటల బృందాన్ని నడిపేది. ఆ పాటలు రికార్డు చేసుకుని, పల్లెల్లో రోగులను చూడడానికి రామసముద్రం వైపు పోతూ కారులో వినేది. కారుతో వచ్చిన ఒక్క స్పీకరు చాలలేదని పట్నంలో ఎవరిచేతనో వెనక రెండు కొత్తవి పెట్టించుకుంది. పెట్టించుకున్న వారానికి మా అంగడికి వచ్చింది.

"రెడ్డెప్పా, స్పీకర్లు పెరిగినాయి, నా బృందంలో మగవాళ్ళు తగ్గినారు. యాడికి పోయినారో సూడప్పా" అన్నది.

నవ్వాను. భాయ్ నవ్వలేదు. వెనక సీట్లో కూర్చుని విన్నాను. ఆమె చెప్పింది నిజమే. ఆడవాళ్ళ గొంతులు గణగణమంటున్నాయి, కింది స్థాయిలో పాడే మగవాళ్ళ గొంతులు ఊదేసినట్టు లేవు. స్పీకర్లు రెండూ కొత్తవి, వైర్లు బాగున్నాయి. నాకు దిక్కు తోచలేదు. భాయ్ టార్చిలైటు విప్పి, అందులో సెల్లు ఒకటి నా చేతిలో పెట్టాడు.

సెల్లుకు రెండు వైర్లు పెట్టి స్పీకరుకు ఒక్క క్షణం తాకిస్తే దాని కాగితం గిన్నె ముందుకు దూకాలి. ఎడమది ముందుకు దూకింది, కుడిది వెనక్కి పోయింది. అంటే బిగించినవాడు ఒకదానికి వైర్లు తారుమారు చేశాడు. ఒకే తలుపును లోపలినుంచి ఒకరు, బయటినుంచి ఒకరు నెడితే ఏమవుతుంది? అదే జరుగుతోంది. సన్నటి గొంతులు ఎలాగో తప్పించుకుంటాయి, లావు గొంతులు ఒకదాన్నొకటి తినేస్తాయి. రెండు వైర్లు మార్చాను. అంతే పని.

డాక్టరమ్మ వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చి, కారు ఆపకుండానే అద్దం దించి, "వచ్చినారప్పా, అందరూ వచ్చినారు!" అని కేకేసి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను భూమి మీద నడవలేదు. ఈ రోజుకీ చెబుతున్నాను, నూరు వాట్లు చేయలేని పని టార్చిలైటు సెల్లు చేస్తుంది. మీ జేబులో ఒకటి ఉంచుకోండి.

చెవుల్లో ఉండాది, వేళ్ళల్లో లేదు

ఇక అసలు సంగతికి వస్తాను. పుంగనూరు మునిరత్నం నాదస్వరం వాయించేవాడు. వాళ్ళ నాయన దొరకాలని మా వైపు పెళ్ళిళ్ళవాళ్ళు ముహూర్తం మార్చుకున్న రోజులున్నాయి. ఆ పెద్దాయన పోయాక మేళం బరువు మునిరత్నం మీద పడింది. ఊర్లు తిరగడానికి ఒక పాత అంబాసిడర్ కొన్నాడు. కారుతోపాటు మొదటినుంచీ ఉన్న రేడియో టేపు అందులో ఉంది. ఆ కారు తీసుకునే మా అంగడికి వచ్చాడు, తమ్ముడు గోవిందును వెంటబెట్టుకుని.

"పాట బాగా వినపడాలప్పా. ఊరికే కాదు. మా మేళం నిలబడేది, పడిపొయ్యేది దీంట్లోనే ఉండాది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మేళం వాయించేవాడికి కారులో పాటతో ఏం పని?

అప్పుడు చెప్పాడు. కుప్పంలో నంజుండప్ప అని పెద్ద కుటుంబీకుడు. ఆ ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా మూడు తరాలుగా వీళ్ళ మేళమే. ఇప్పుడు ఆయన మనవరాలి పెళ్ళి కుదిరింది. మగపెళ్ళివాళ్ళు తమిళం వైపు వాళ్ళు, తమ మేళం తాము తెచ్చుకుంటున్నారు. మా వైపు ఎదురుకోలంటే ఉత్త మర్యాద కాదు. ఇటు ఆడపెళ్ళివారి మేళం, అటు మగపెళ్ళివారి మేళం ఎదురెదురుగా నిలబడి వంతులవారీగా వాయిస్తాయి. ఎవరు తేలిపోయారో ఊరంతా చూస్తుంది. నంజుండప్ప మునిరత్నాన్ని పిలిచి మొహమాటం లేకుండా చెప్పేశాడట. "మీ నాయన వాయించే తోడి రాగం నువ్వు వాయిస్తే ఈ ఇంటి మేళం మీదే. లేదంటే ఈ పెండ్లితో సరి."

"వాయించొచ్చు కదా?" అన్నాను.

మునిరత్నం చేతులు చూపించాడు. "మా నాయన పక్కన నేను రెండో నాదస్వరమప్పా. ఆయన తోడి ఎత్తుకుంటే నేను కింద ఆధార సుతి పట్టుకొని నిలబడతాంటి. ఆ తోడి నా సెవుల్లో ఉండాది, వేళ్ళల్లో లేదు."

పెద్దాయన ఒక పెళ్ళిలో వాయించిన తోడిని బంధువొకడు క్యాసెట్టులో పట్టాడు. మిగిలింది అదొక్కటే. దాన్ని విని నేర్చుకోవాలి. తమ్ముడికి తన పాత స్థానం, అంటే రెండో నాదస్వరం, నేర్పాలి.

"ఇంట్లో టేపురికార్డరు లేదా?"

"ఇంట్లో మేమే లేమప్పా" అన్నాడు గోవిందు. ముహూర్తాల కాలం. ఈ రోజు గుర్రంకొండ, రేపు పలమనేరు. ఇంటికి పోయేది పంచెలు మార్చుకోవడానికే. సాధన చేయాలంటే కారులోనే, ఒక పెళ్ళికీ ఇంకో పెళ్ళికీ నడుమ.

ఎప్పటిలాగే వెనక సీట్లో కూర్చుని వాళ్ళతో పుంగనూరు దాకా పోయాను. ఆరుగురు మనుషులు, ఒకరి ఒడిలో డోలు, నా మోకాళ్ళ మీద తాళాల సంచి. క్యాసెట్టు వేశారు. ఏం చెప్పమంటారు! నాదస్వరం కాదు, ప్రెషర్ కుక్కర్ ఈల. డోలు కుడివైపు టకటకమంటోంది, ఎడమవైపు లావు దెబ్బ జాడే లేదు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి పెద్దాయన ఎలా జారాడో ఆ జారుడు ఎక్కడా దొరకడం లేదు. మునిరత్నం స్వరాలు పాడుతూ గోవిందు చేత పాడించాడు. కారులో బాగానే పాడిన గోవిందు, పుంగనూరులో దిగి నాదస్వరం పట్టేసరికి తడబడ్డాడు.

"కారులో కుదురుతాది, వాయిద్యం మీద కుదరదు. ఏమొచ్చెరా నీకు? మనసు యాడ పెట్టుకుంటాండావు?" అని అన్న విరుచుకుపడ్డాడు. తమ్ముడు తల వంచుకున్నాడు. ఆ తిట్లు నాకు నచ్చలేదు, కానీ గోవిందు ఎందుకు తడబడ్డాడో నాకూ తెలియదు.

కంబళి, పనసచెక్క

నేను చెప్పిందంతా విని భాయ్ గడ్డం నిమురుకున్నాడు. ఆయన షెహనాయి అంటే చెవి కోసుకునేవాడు. "అరే రెడ్డెప్పా, నాదస్వరమంటే షెహనాయికి పెద్దన్న. అన్నకు తక్కువ చేస్తే తమ్ముడు ఊరుకోడు" అన్నాడు. అంటే తను ఊరుకోనని.

వెనక అద్దం కింద ఉండే అట్ట తీసేశాను. అట్ట మీద స్పీకరు పెడితే అట్టే పాడుతుంది, స్పీకరు పాడదు. దాని బదులు మందపాటి పనసచెక్క కోయించి, ఆ కొలతకు బిగించి, రెండు మంచి స్పీకర్లు పెట్టాను. కింద డిక్కీలో మోత రాకుండా ఏదైనా దట్టంగా కుక్కాలి. దూది, గోనె పట్టా అన్నీ చూశాం. చివరికి కురుబవాళ్ళు నేసే గొర్రెబొచ్చు కంబళి పనికొచ్చింది. అంత ముతక, అంత దట్టం ఇంకోటి లేదు. టార్చి సెల్లుతో గిన్నెలు రెండూ ఒకే వైపు దూకేలా సరిచూశాను. డైనమోకు కండెన్సరు పెట్టి గీ శబ్దం చంపాను. రేడియో మరలూ, ముందున్న పాత స్పీకరూ అలాగే ఉంచాను. చూసేవాడికి కారులో ఏమీ మారలేదు.

ఇంజిను ఆపి ఉండగానే క్యాసెట్టు వేశాం. మునిరత్నం వెనక సీట్లో కళ్ళు మూసుకున్నాడు. డోలు ఎడమదెబ్బ దుమ్ అని వీపుకు తగిలింది. నాదస్వరం మెత్తగా ఎత్తుకుంది. ఒకచోట మునిరత్నం ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకున్నాడు.

"విన్యావా? మా నాయన ఊపిరి తీసుకుంటాండాడు!"

నిజమే. స్వరానికీ స్వరానికీ నడుమ ఊపిరి పీల్చిన చప్పుడు వినిపిస్తోంది. ఆయన కళ్ళు నిండాయి. నావీ నిండాయి, దాచుకోవాల్సిన పనేముంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలిస్తే సగం తోడి వచ్చినట్టేనని ఆయన తర్వాత చెప్పాడు. నేను మీసం మెలేసుకుంటూ ఇంజిను స్టార్ట్ చేయమన్నాను.

శ్రుతి లేస్తాండాది

గోవిందు స్టార్ట్ చేసి యాక్సిలేటర్ తొక్కాడో లేదో, మునిరత్నం కేకేశాడు.

"ఆపప్పా, ఆపు! సుతి లేస్తాండాది!"

నాకేమీ వినపడలేదు. "కొత్త స్పీకర్లు కదా, అట్లే అనిపిస్తాది" అని సర్దిచెప్పబోయాను. మన పనిలో ఇంతకంటే చెడ్డ మాట లేదు. కస్టమరు చెవి తప్పు, నా పని ఒప్పు అని దీని అర్థం. భాయ్ అంగడి లోపలినుంచి మీటరు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆయన తిట్టకుండా ఉంటే అది తిట్టు కంటే ఎక్కువ.

కొలిచాం. ఇంజిను వేగం పెరిగేకొద్దీ టేపుకు పోయే కరెంటు పెరుగుతోంది. టేపు తిప్పే చిన్న మోటారులో వేగాన్ని అదుపు చేసే భాగం పాతబడి అరిగింది. కరెంటు పెరిగితే మోటారు పరిగెడుతుంది, టేపు వేగం పెరిగితే శ్రుతి పైకి లేస్తుంది. సినిమా పాటలు వినేవాడికి ఇది జన్మలో తెలియదు. పాట కొంచెం హుషారుగా ఉందనుకుంటాడు. నాదస్వరంలో శ్రుతి కొయ్యలోనే ఉంటుంది, అది పైకి లేవదు, దిగదు. కారు పైకి లేపిన శ్రుతిలో నేర్చుకున్నది ఆ కొయ్య మీద ఎలా కూర్చుంటుంది?

మునిరత్నానికి ఈ సంగతి అర్థమయ్యేసరికి మొహం మారిపోయింది. తమ్ముడి వైపు తిరిగాడు.

"నీ తప్పు కాదురా గోవిందూ. ఇన్నాళ్ళూ నిన్ను ఊరికే తిడితి."

గోవిందు స్టీరింగు మీద తల ఆనించాడు.

మిగతా పని మా చేతిలోది. ఇంజిను ఎంత పరిగెత్తినా టేపుకు ఒకే కరెంటు పోయేలా ఒక చిన్న సర్క్యూటు కట్టి, వేడి తట్టుకోవడానికి అల్యూమినియం రేకు మీద బిగించాను. ఇప్పుడు వేగం మారదు. సరే, కానీ ఆ మారని వేగం ఏది? మోటారు వెనక సన్నటి బెజ్జంలో ఒక స్క్రూ ఉంటుంది, అటు తిప్పితే వేగం, ఇటు తిప్పితే నిదానం. ఎక్కడ ఆపాలో మీటరు చెప్పదు. పెద్దాయన పెళ్ళిలో ఏ శ్రుతిలో వాయించాడో అక్కడే ఆపాలి.

"ఆయన వాయిద్యం ఏమయింది?" అని అడిగాడు భాయ్.

అది ఇంట్లోనే ఉంది, ఎవరూ ముట్టుకోకుండా. గోవిందు బస్సెక్కి పోయి పట్టుగుడ్డలో చుట్టి తెచ్చాడు. మదనపల్లె బజారులో, మిట్టమధ్యాహ్నం, మా అంగడి ముందు నిలబడి మునిరత్నం వాళ్ళ నాయన నాదస్వరం నోట పెట్టుకుని సా పట్టాడు. గోవిందు యాక్సిలేటర్ తొక్కుతున్నాడు. నేను డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని స్క్రూ తిప్పుతున్నాను. బజారంతా గుమిగూడింది. "ఎవురిదప్పా పెండ్లి?" అని ఒకాయన అడిగితే, "కారుది" అన్నాడు భాయ్.

టేపులో సా, బయట సా. రెండూ కాసేపు గొడవపడ్డాయి. వెంట్రుకవాసి తిప్పాను. దగ్గరికొచ్చాయి. ఇంకొంచెం తిప్పాను. అంతే, రెండు నాదస్వరాలు ఒకటైపోయాయి. ఏది టేపో, ఏది మనిషో తెలియలేదు. గోవిందు ఎంత తొక్కినా కదలలేదు. స్క్రూ మీద లక్క చుక్క వేసి మూసేశాను. ఇన్నేళ్ళలో ఎన్నో కార్లకు ఎన్నో బిగించాను. చెయ్యి తీసేయడానికి మనసు రాని పని అదొక్కటే.

కుప్పంలో ఎదురుకోలు

ముహూర్తాల కాలమంతా ఆ కారు తోడి వింటూ తిరిగింది. ఎదురుకోలు రోజు మునిరత్నం నన్నూ కారెక్కించుకున్నాడు. "నువ్వూ రావాల్సిందే, నాకు ధైర్యం కావాల" అన్నాడు. నిజానికి నా దగ్గరే అది లేదు. వి.కోట అడవి దారంతా ఆ రోజు క్యాసెట్టు వేయలేదు.

పొద్దు గూకే వేళ కుప్పంలో రెండు మేళాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. అటు తమిళం మేళం పెద్దాయన ముసలివాడు, మహా గట్టివాడు. ఆయన ముగించేసరికి మగపెళ్ళివారు చప్పట్లతో వీధిని ఊపేశారు. నంజుండప్ప చేతులు కట్టుకుని మునిరత్నం వైపు చూశాడు. ఆ చూపులో దయ లేదు.

మునిరత్నం తోడి ఎత్తుకున్నాడు. నిదానంగా, తొందరేమీ లేకుండా. గోవిందు పక్కన ఆధారం పట్టాడు, గోడలాగా. పెద్దాయన ఊపిరి తీసుకున్న చోటే మునిరత్నం ఊపిరి తీసుకున్నాడు, నాకు తెలుసు. చప్పట్లు లేవు, ఈలలు లేవు. పందిట్లో పిల్లల ఏడుపు కూడా ఆగిపోయింది. పై స్థాయికి పోయి, అక్కడినుంచి ఒక్కటే జారుడు కిందికి వచ్చాడు చూడండి, మొదటిరోజు కారులో ఎక్కడా దొరకని జారుడు అదే.

అప్పుడు మా వైపు ఎవరూ అంతకుముందు చూడనిది జరిగింది. అటు మేళంలో డోలు వాయించే ఆయన, వాళ్ళ పెద్దాయన తల ఊపితే, నాలుగడుగులు దాటి ఇటు వచ్చి మా డోలాయన పక్కన నిలబడి మునిరత్నానికి వాయించడం మొదలుపెట్టాడు. ఎదిరి మేళం డోలు మన మేళానికి మోగింది! ఆ తర్వాత ఊరు ఎంత అరిచిందో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. నేను కూడా అరిచాను. గొంతు రెండు రోజులు రాలేదు.

భోజనాల దగ్గర నేను డ్రైవర్ల పంక్తిలో కూర్చోబోతే మునిరత్నం చెయ్యి పట్టి మేళగాళ్ళ పంక్తిలో తన పక్కన కూర్చోబెట్టాడు. తిన్నాక నంజుండప్ప స్వయంగా వచ్చి, వచ్చే పెళ్ళికి ఇప్పుడే మాట ఇస్తున్నానని మునిరత్నానికి తాంబూలం ఇచ్చాడు. వరసగా గోవిందుకు, డోలాయనకు, తాళాల ఆయనకు ఇస్తూ వచ్చి, నా దగ్గర ఆగాడు.

"ఈయన ఎవురు? వాయించేటప్పుడు కనపళ్ళేదే?"

"మాకు సుతి పెట్టిన ఆయన సామీ" అన్నాడు మునిరత్నం.

నంజుండప్ప ఆకులూ వక్కలూ నా చేతుల్లో కూడా పెట్టాడు. మేళగాడిగా తాంబూలం అందుకున్న రేడియో మెకానిక్కు మా సీమలో నేనొక్కడినే. ఈ మాట గొప్ప కోసమే చెబుతున్నాను.